మనింటి రిజెక్టు ఫొటోలు

మా ఇంటి పెద్ద కెమెరాకి,

పోయినసారి ముద్దుముద్దుగా మొదలుపెట్టినందుకు, ఉత్తరాలు గుడారంలో నలుగురి చేతులూ మారి వస్తాయని నువ్వు కసిరావు కాబట్టి, ఈసారి ఇంతటితో సరిపెడుతున్నాను. ఇక్కడ నేనూ, మీ అమ్మగారూ, షాపూ కులాసా. హాస్టల్లో అమ్మాయి కూడా కులాసానే అని ఫోన్లో చెప్పింది. దగ్గుతూ చెప్పింది కానీ చెప్పింది. ఫోను పలకని ఆ తవ్వకాల దిబ్బల మధ్య, బయటపడ్డ కుండపెంకులన్నిటికీ ఫొటోలు తీస్తూ నువ్వూ బాగానే ఉన్నావని నీ ఉత్తరం చూసి నమ్మాం. లెన్సులో దుమ్ము, పక్కలో చీమలు అని రాశావు. దుమ్ము సంగతి నీకే బాగా తెలుసు. చీమల విషయంలో మాత్రం మంచం కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టుకోమని మీ అమ్మగారు మరీమరీ చెప్పమన్నారు.

ఇక నీ ప్రశ్నలు. అమ్మ మోకాలు తగ్గిందా అన్నావు. తగ్గింది. ఎంత తగ్గిందంటే, నేను షాపులో ఉన్నప్పుడు ఆవిడ స్టూలు వేసుకుని అటక ఎక్కేశారు. భోజనానికి ఇంటికొచ్చేసరికి అటక మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నారు. ఎందుకెక్కారండీ అని అడిగితే, "ఎక్కేటప్పుడు మోకాలు బానే ఉంది బాబూ, దిగుదామంటే అప్పుడు గుర్తొచ్చింది" అన్నారు. స్కూలు వాళ్ల గ్రూపు ఫొటోలు ఇచ్చేశావా అన్నావు. ఇచ్చేశాను. వెనక వరసలో ఒకడు నాలుక బయటపెట్టాడు. ప్రిన్సిపాలు గారు కళ్లజోడు మార్చుకుని మరీ చూసి, "వీడు రోజూ ఉన్నట్టే ఉన్నాడు, ఉండనివ్వండి" అన్నారు. షాపు షట్టరుకి నూనె పోశావా అన్నావు. పోశాను. ఇప్పుడు నూనెతో కీచుమంటోంది.

అసలు వార్త ఇది. మన పాత ఫొటోల ప్రోగ్రాముకి సెలవిచ్చేశాను. నువ్వు వెళ్లేముందు మనం అనుకున్నదే, కాకపోతే నువ్వు వచ్చేదాకా ఆగుదామనుకున్నాం. అది ఆగనివ్వలేదు. కొత్త కంప్యూటర్లో ఎక్కనంటే ఎక్కనని మొండికేసింది. తయారుచేసిన వాళ్లని అడిగితే, ఆ రకాన్ని ఇక పట్టించుకోము, కావాలంటే నెలనెలా అద్దె కట్టి ఇంకో రకం వాడుకోండి అన్నారు. మన ఫొటోలు మనం చూసుకోవడానికి అద్దె ఏమిటని నాకు ఒళ్లు మండింది. పోనీ పాత కంప్యూటర్లోనే నెట్టుకొద్దామంటే దాని సంగతి నీకు తెలియనిదా? ఒక ఫొటో తెరవమని చెప్పి, లోపలికెళ్లి ఫ్రేములోకి ఒక మౌంటు అట్ట కోసుకుని వచ్చినా ఇంకా ఆలోచిస్తూనే ఉండేది.

కొత్తది అమ్మాయి వెతికిపెట్టింది. ఫోన్లో అది చెబుతుంటే ఇక్కడ నేను ఎక్కించాను. "నాన్నా, ఎడమ పక్కన చూడు" అంటుంది. "నా ఎడమా, దాని ఎడమా?" అంటాను. "నాన్నా, నీకూ దానికీ ఎడమ ఒకటే, నువ్వు దాని ఎదురుగా కూర్చున్నావంతే, అది నీ ఎదురుగా కూర్చోలేదు" అంటుంది. నాకు ఇప్పటికీ అర్థం కాలేదు, అయినా ఎక్కించాం. పాతదాని క్యాటలాగు, అదే ఫొటోల జాబితా అంతా, కొత్తదానికి అప్పగించాం. పేర్లు వచ్చాయి, స్టార్లు వచ్చాయి, నువ్వు పెట్టిన గుర్తులన్నీ వచ్చాయి. నీ దిద్దుబాట్లు మాత్రం రాలేదు. అవి ఫొటోలో ఉండవట. దీన్ని ఇంత వెలిగించాలి, దాన్ని ఇక్కడిదాకా కత్తిరించాలి అని పాత ప్రోగ్రాము తన దగ్గరే రాసిపెట్టుకునేదట. అది లేకపోతే ఫొటో మళ్లీ కెమెరాలోంచి దిగిన రోజున ఎలా ఉందో అలా అయిపోతుందట. కస్టమర్లవి ఎప్పటికప్పుడు పూర్తిచేసి విడిగా దాచుకున్నాం కాబట్టి వాటికి ఢోకా లేదు.

మొదటి వారం నాకు ఏడుపొక్కటే తక్కువ. తెర మీద ఎవరి మొహం చూసినా ఎండలో పరిగెత్తుకొచ్చినట్టు ఎర్రగా ఉండేది. కెమెరా ఏదో దానికి చెప్పుకోవాలని ఆ తర్వాత తెలిసింది. నా వేళ్లేమో పాత మీటల దగ్గరికే పోయేవి. ఒకటి నొక్కబోయి ఇంకోటి నొక్కితే ఒక పెళ్లికూతురు నలుపు తెలుపుల్లోకి వెళ్లిపోయి, సాయంత్రం దాకా రంగుల్లోకి రాలేదు. మీ అమ్మగారు పక్కన కుర్చీ వేసుకుని, "కొత్త కుక్కరూ ఇంతే బాబూ. దాని కూత మనకి తెలియాలి, మన చెయ్యి దానికి తెలియాలి" అన్నారు. ఆవిడ చెప్పినట్టే ఇద్దరికీ తెలిసొచ్చింది. ఇప్పుడు అడగ్గానే ఫొటో వచ్చి నిలబడుతోంది. మౌంటు కోసుకునే తీరిక కూడా ఇవ్వడం లేదు.

ఇంత మంచి ప్రోగ్రాము పెట్టుకుని ఈయన ఉత్తరం ఎందుకింత ఆలస్యం చేశాడని నువ్వు అనుకుంటూ ఉంటావు. వస్తున్నాను, దాని దగ్గరికే వస్తున్నాను. పోయిన ఉత్తరంలో నువ్వు ఒకటి అడిగావు. నాన్నని తలుచుకుంటే ఆఖరి రోజుల జబ్బు మొహమే కళ్లముందుకి వస్తోంది, మంచి మొహం గుర్తు రావడం లేదు, కిటికీ దగ్గర నవ్వుతున్న ఫొటో ప్రింటు తీసి పంపు, మంచం పక్కన పెట్టుకుంటాను అన్నావు. ఆ మాట చదివి నేను కాసేపు షాపు పని ఆపేశాను. ఫొటో పంపుతున్నాను. ఈ కవర్లోనే, రెండు అట్టల మధ్య అంటించి పెట్టాను. ఉత్తరం చివరిదాకా చదివాకే విప్పు. ఈ కథ సుఖాంతమని ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మధ్యలో నాకు గుండె ఆగినంత పనయింది, అంత దూరంలో నీకు ఆగకూడదు.

మనింట్లో రిజెక్టు గుర్తు ఎలా మొదలైందో గుర్తుందా? ప్లీడరు గారి కుటుంబమంతా షాపు ముందుగదిలో పెద్ద తెర ముందు కూర్చుని, వాళ్లమ్మాయి పెళ్లి ఫొటోలు ఎంచుకుంటున్నారు. పెళ్లికూతురి పక్కన ఉన్నట్టుండి నేను ప్రత్యక్షమయ్యాను, తువ్వాలు కట్టుకుని, నెత్తిన చెంబు బోర్లించుకుని. అప్పుడు అమ్మాయి చిన్నది, దానికి అన్నం తినిపించడానికి వేసిన వేషం. ప్లీడరు గారి తల్లి, "ఈ అబ్బాయి మన వైపు కాదు" అన్నారు. ఆ రోజు నువ్వు పట్టిన పట్టు, ఇక మనింటి ఫొటో ఒక్కటీ ఆ తెర మీద కనపడకూడదని. పాత ప్రోగ్రాములో రిజెక్టు గుర్తు పెడితే తెర మీదకి రాదు. అప్పటినించీ మన సొంత ఫొటోలన్నిటికీ, ఎంత ముద్దొచ్చేదానికైనా సరే, రిజెక్టు గుర్తు. నిజంగా పాడైపోయిన వాటికేమో ఒక స్టారు. మనకి తప్ప లోకంలో ఇంకెవరికీ తల తిరిగినా అర్థంకాని పద్ధతి.

కొత్త ప్రోగ్రాముకి మాత్రం ఎలా అర్థమవుతుంది? అప్పగింతలు కాగానే, రిజెక్టు చేసిన ఫొటోలు చాలా ఉన్నాయి, తీసేయమంటారా అని అడిగింది. నాకు ఆ పద్ధతి తెలియక కాదు. ఎంత అలవాటైపోయిందంటే, ఆ క్షణాన తట్టలేదు. మసకబారినవీ, కళ్లు మూసుకున్నవీ అనుకున్నాను. నొక్కాను. డిస్కులోంచి కూడానా అని మర్యాదగా ఇంకోసారి అడిగింది. అంత మర్యాదగా అడిగితే కాదనడం ఎలా? అదీ నొక్కాను. అంతటితో ఊరుకున్నానా? ఇల్లు ఊడ్చిన ఉత్సాహంలో, జాగ్రత్తకని పెట్టుకున్న రెండో డిస్కుని కూడా తెచ్చి, అందులోంచీ అవి పోయేలా మొదటిదానితో సమానం చేసేశాను. పాత కంప్యూటరు అప్పటికే అమ్మేశాం, కొన్నవాడు శుభ్రంగా తుడిచేసుకున్నాడు.

నీ ఉత్తరం వచ్చిన రోజున, నవ్వుకుంటూ కూర్చుని మీ నాన్నగారి పేరు కొట్టాను. ఏమీ లేదు. తప్పు కొట్టానేమోనని మళ్లీ కొట్టాను. మీ అమ్మగారి పేరు కొట్టాను. లేదు. అమ్మాయి పేరు కొట్టాను. దాని మొదటి అడుగులు లేవు, పళ్లూడిన నవ్వు లేదు, మనం మొదట కాపరం పెట్టిన ఇంటి మెట్ల మీద నువ్వు బూట్లు తుడుచుకుంటున్న ఫొటో లేదు. అప్పుడు తెలిసింది నేను ఏం ఊడ్చానో. మిగతావి ఎక్కడో ఒకచోట ఒకటీ అరా ప్రింట్లు ఉంటాయి. మీ నాన్నగారి ఆ నవ్వుకి మాత్రం ఒక్క ప్రింటు కూడా లేదు. ఫ్రేము కట్టి గోడకి పెడతానని నేను అన్నప్పుడు, "గోడకెక్కిస్తే ఆయన నిజంగానే లేనట్టు అయిపోతుంది బాబూ, కంప్యూటర్లోనే ఉండనీ" అని మీ అమ్మగారు వద్దన్నారు కదా. నువ్వు మంచి మొహం అడిగావు, అది ఉన్న ఒక్క చోటునించీ నేనే తుడిచేశాను.

ఇంతలో మీ అమ్మగారు టీ పట్టుకుని వచ్చారు.

"దొరికిందా బాబూ?"

"వెతుకుతున్నానండీ" అని నీళ్లు నమిలాను.

ఆవిడ నా మొహం చూశారు, తెర చూశారు, గ్లాసు బల్ల మీద పెట్టారు. "పోయాయా?"

"పోయాయండీ."

"ఆయనవేనా, అన్నీనా?"

"అన్నీ."

ఆవిడ కుర్చీలో కూర్చుని, చెంగుతో కళ్లజోడు తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. అప్పుడు ఆవిడ లేచి, "తిట్టడానికి నాకు కావలసినంత టైముంది. ముందు ఆ డబ్బాలు రెండూ పట్టుకుని స్క్రూడ్రైవరు దగ్గరికి పద, నేనూ వస్తా" అన్నారు. మోకాలు ఊసే ఎత్తలేదు.

స్క్రూడ్రైవరు అంటే మన సందు చివర కంప్యూటర్లు బాగుచేసేవాడే, పెన్సిల్లాగా చెవి వెనక స్క్రూడ్రైవరు పెట్టుకుంటాడని నువ్వే పెట్టావు ఆ పేరు. జరిగిందంతా విని అతను పోలీసులా ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"తుడిచాక వీటి మీద కొత్తగా ఏమైనా ఎక్కించారా?"

"లేదు."

"నిజం చెప్పండి సార్."

"స్కూలు గ్రూపు ఫొటోలు. ఒక పెళ్లి. రెండు పుట్టినరోజులు."

"దేంట్లో?"

"మొదటి డిస్కులో."

"మరి రెండోది?"

"సమానం చేశాక బీరువాలో పెట్టేశాను. మళ్లీ ముట్టుకోలేదు."

"ఇంత సేపటికి ఒక మంచి మాట చెప్పారు" అని అతను రెండో డిస్కుని చేతిలోకి తీసుకున్నాడు. "తుడవడమంటే ఇంటి ముందు పేరు బోర్డు పీకడమే సార్. సామాను లోపలే ఉంటుంది, కొత్తవాళ్లు వచ్చి దిగేదాకా. ఇందులో ఎవరూ దిగకపోతే ఆశ ఉంది. లేదంటే మాత్రం నన్ను అనొద్దు."

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. మౌంటు కోస్తే మూల కలిసేది కాదు. ఒకరి తాతగారి ఫొటోని తలకిందులుగా ఫ్రేములో పెట్టి చేతికిచ్చాను. మీ అమ్మగారు రోజూ అతను షాపు తీసేసరికి వెళ్లి అక్కడే బైఠాయించేవారు. "ఇది గంటలతో అయ్యే పని కాదండీ, మీరు ఇంటికెళ్లండి" అని అతను అంటే, "నువ్వు పని చేసుకో నాయనా, నేను చూస్తూంటానంతే" అనేవారట. చూస్తూంటేనే చెయ్యి ఆడటం లేదని అతను నాకు మొర పెట్టుకున్నాడు. నేనేం చెయ్యను? నీకు ఉత్తరం రాద్దామని కాగితం తీసేవాణ్ణి. కులాసా అని రాసి ఆగిపోయేవాణ్ణి. నువ్వు ఆ దిబ్బల మధ్య ఒంటరిగా ఈ కబురు చదువుకుంటావని తలుచుకుంటే కలం కదిలేది కాదు. ఆలస్యానికి కారణం అదే, పని ఒత్తిడి కాదు.

ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. స్క్రూడ్రైవరు.

"సార్, ఎవరో మనిషి తువ్వాలు కట్టుకుని నెత్తిన చెంబు పెట్టుకున్నది వచ్చింది. మీకు సంబంధించిందేనా?"

"నేనే! అది నేనే!" అని షాపు దద్దరిల్లేలా అరిచాను. ముందు పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్నావిడ ఉలిక్కిపడి లేచి నిలబడింది. ఈ ఫొటో తనదేనని ఇంత ఆనందంగా ఒప్పుకునే మనిషిని తాను చూడలేదని స్క్రూడ్రైవరు ఇప్పటికీ అందరికీ చెబుతున్నాడు. నేను చెప్పుల్లేకుండా పరిగెత్తాను. అక్కడ మీ అమ్మగారు తెరకి ముక్కు ఆనించి, ఒక్కో ఫొటో దిగుతుంటే పేర్లు పిలుస్తున్నారు. అమ్మాయి మొదటి అడుగులు వచ్చాయి. మెట్ల మీద నువ్వు వచ్చావు. అందరూ వచ్చారు. నేను అతని చిన్న స్టూలు మీద కూలబడి, కస్టమర్లు చూస్తుండగానే ఏడ్చేశాను. గుండెల మీద బండ దిగిందంటారే, ఆ బరువు దిగుతుంటే ఒంటికి ఎంత హాయిగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

అన్నీ ఉన్నాయి, కంగారు పడకు. ఫైళ్ల పేర్లు పోయి ఉత్త నంబర్లు మిగిలాయి, తేదీలు మాత్రం ఫొటోల్లోనే ఉన్నాయి. సాయంత్రాలు నేనూ మీ అమ్మగారూ కూర్చుని మళ్లీ పేర్లు పెడుతున్నాం. ఆవిడకి గుర్తులేని పిల్ల లేదు, మర్చిపోయిన చొక్కా లేదు. కొత్తదాంట్లో మనవాటికి వేరే అర ఉంది, దానికి తాళం వేస్తే తెర మీదకి రావు. ఇకనించి మనింట్లో ఎవరూ రిజెక్టు కాదు. కాపీలు కూడా మూడు చేశాను, ఒకటి స్క్రూడ్రైవరు దగ్గరే ఉంచాను, నా చేతికి అందకుండా.

ఇప్పుడు మీ నాన్నగారి ఫొటో. దానికంటే ముందు, ఇన్నేళ్లుగా నీకు చెప్పని మాట ఒకటి చెప్పాలి.

మీ నాన్నగారికి నేనంటే గిట్టదని నా నమ్మకం. డ్రాయింగు మాస్టారు కదా, నేను చేసిన ఫ్రేము ఏది చూసినా ముందు మూలమట్టం తీసి మూల కొలిచేవారు. ఇంటికి ఎవరైనా వస్తే మా అమ్మాయి, మా మనవరాలు అని మురిసిపోతూ చూపించేవారు. నా దగ్గరికి వచ్చేసరికి "ఫ్రేములు చేస్తాడు" అనేవారు. మా అల్లుడు అని ఒక్కసారైనా అంటారేమోనని చెవులు రిక్కించుకుని ఉండేవాణ్ణి. నీకు చెబితే ఇద్దరి మధ్యా నలిగిపోతావని మింగేశాను. జబ్బు చేసి మనింటికి వచ్చాక మందు నేనే పోసినా, అదీ నీ చేతులు ఖాళీ లేకనే తాగుతున్నారనుకున్నాను. ఆ నవ్వు ఫొటో మన కంప్యూటర్లో చూసినప్పుడల్లా, కూతురికి ఇంత నవ్వు ఇచ్చిన మనిషి నాకు చిటికెడైనా ఇవ్వలేదే అని కుళ్లుకునేవాణ్ణి. పోయిన మనిషి మీద కుళ్లు. సిగ్గుచేటే, కానీ నిజం.

నీ దిద్దుబాట్లు పోయాయన్నాను కదా. ఆ ఫొటో నువ్వు కత్తిరించక ముందు ఎలా ఉండేదో అలా వచ్చింది. నువ్వు ఉంచిన ముక్కలో మీ నాన్నగారు చెయ్యి చాపి చెక్కలాంటిది ఏదో పట్టుకుని ఉంటారు. అది కిటికీ రెక్క అనుకునేవాణ్ణి. కాదు. అది ఫ్రేము. పాలిష్ పెట్టడానికి నేను ఇంటికి తెచ్చుకున్న ఖాళీ ఫ్రేము. దాంట్లోంచి తల బయటపెట్టి, ఒక చేత్తో మందు గ్లాసు పట్టుకుని, ఫ్లాషు పడితే చాలు కళ్లు మూసేసుకుని తప్పు కెమెరాదంటారే, ఆ బ్యాంకు మేనేజరు గారిలా బిగుసుకుని నిలబడ్డాను నేను. నా చెయ్యి చాలక ఫ్రేము జారిపోతుంటే, రెండో పక్క ఎత్తి పట్టుకున్నది ఆయన. పట్టుకుని నా మొహంలోకి చూస్తూ నవ్వుతున్నారు. పళ్లన్నీ కనపడేలా.

వేషం వేయడం నాకు గుర్తుంది. ఆయన నవ్వడమే గుర్తులేదు. "చాల్లే, మందు ఇటివ్వు" అనడమే గుర్తు. మీ అమ్మగారిని అడిగాను, ఇంత నవ్వితే నాకెందుకు కనపడలేదండీ అని.

"కళ్లు మూసుకుంటే ఎలా కనపడుతుంది బాబూ? నువ్వు తెరిచేలోపు ఆయన మూతి సర్దుకునేవారు. నవ్వానని తెలిస్తే రోజుకో వేషం వేస్తాడు, నాకు పక్కలో నొప్పి అనేవారు. నువ్వు లేనప్పుడు చూడాలి, సాయంత్రమైతే చాలు, అల్లుడింకా రాలేదేం అని గేటు వంకే చూపు."

"ఏమన్నారండీ?"

"గేటు వంకే చూపు అంటున్నా."

"అది కాదు, దానికి ముందు."

"అల్లుడింకా రాలేదేం."

ఇంకోసారి చెప్పించుకున్నాను. ఆవిడకి విసుగొచ్చి లేచి వెళ్లిపోయారు.

నువ్వు నన్నెందుకు కత్తిరించావో నాకు తెలుసు. కళ్లు మూసుకున్న మొహం షాపు గడప దాటకూడదని మనిద్దరం పెట్టుకున్న నియమమే. కోపమేం లేదు, నీ చోట నేనున్నా అదే చేసేవాణ్ణి. కానీ ఈ ప్రింటు మాత్రం మొత్తంగా తీశాను. రంగు ఒక్కటే సరిచేశాను, అంచు ముట్టుకోలేదు. మీ నాన్నగారి మంచి మొహం నీకు దొరికింది, నాకూ దొరికింది. ఆయన ఒక్కరే కావాలనిపిస్తే, కత్తెర నీ పెట్టెలోనే ఉంటుంది, ఫ్రేము అంచు వెంబడి కోసుకో. ఇన్నేళ్లు ఫొటోల అంచులు కోసే బతికినవాణ్ణి, దీన్ని మాత్రం నా చేత్తో కొయ్యలేను.

ఇట్లు,
మీ నాన్నగారి అల్లుడు